విద్యార్థి ఉపగ్రహంలో రేడియేషన్ డిటెక్టర్: గైగర్ ట్యూబ్ చాలా, సిలికాన్ తప్పదా?

అనంతపురం_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, ఇప్పుడు బెంగళూరులో యలహంక దగ్గర ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం, ఎలక్ట్రానిక్స్. మా కాలేజీ టీమ్ మూడు యూనిట్ల క్యూబ్‌శాట్ (10 సెంటీమీటర్ల ఘనాలు మూడు పేర్చినంత చిన్న ఉపగ్రహం) ఒకటి తయారు చేస్తోంది, అందులో నా వంతుకి పేలోడ్, అంటే అది మోసుకెళ్లే సాధనం వచ్చింది. అంతరిక్షంలో తిరిగే శక్తిమంతమైన కణాలను, అంటే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు లాంటివాటిని లెక్కపెట్టే డిటెక్టర్ పెట్టాలని అనుకున్నాం. నాకు ఇచ్చిన చోటు సగం యూనిట్, అంటే అడుగున 10 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 5 సెంటీమీటర్లు. పవర్ ఒకటిన్నర వాట్ దాటకూడదు.

ఇక్కడే చిక్కొచ్చింది. మా గైడ్ సార్ గైగర్ ట్యూబ్ (కణం దూరినప్పుడల్లా ఒక పల్స్ ఇచ్చే వాయువు గొట్టం) పెట్టేయమంటున్నారు, తేలిక, చవక, ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న వస్తువు అని. మా సీనియర్ ఒకాయన మాత్రం గైగర్ డేటా పట్టుకెళ్తే ఏ జర్నల్ వాళ్లూ తీసుకోరు, సిలికాన్ డిటెక్టర్లే పెట్టు అంటున్నాడు. నెట్‌లో చదివిన కొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏదీ తేలడం లేదు.

మాకు రెండు కోరికలున్నాయి. బ్రెజిల్ మీదుగా వెళ్లేటప్పుడు రేడియేషన్ ఒక్కసారిగా పెరుగుతుందంటారే, ఆ దక్షిణ అట్లాంటిక్ అనామలీని మ్యాప్‌గా గీయాలి. సూర్యుడి మీద పేలుడు జరిగినప్పుడు వచ్చే ప్రోటాన్లను పట్టుకోవాలి. గైగర్‌తో ఇవి అవుతాయా? సిలికాన్ అయితే ఎన్ని పలకలు, ఎంత మందం? చుట్టూ అల్యూమినియం పెట్టె సరిపోతుందా? పైకి పంపేముందు ఇది నిజంగా కణాలనే లెక్కపెడుతోందని ఇక్కడ ఎలా తేల్చుకోవాలి? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

మల్లేశ్వరం_అక్క:

తమ్ముడూ, గైగరా సిలికానా అన్నది తర్వాత సంగతి. ఏ కణం, ఎంత శక్తి ఉన్నది కావాలో ముందు కాగితం మీద రాసుకో, సగం చిక్కు అక్కడే వీడిపోతుంది. నా పని డిటెక్టర్ల మీదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

గైగర్ ట్యూబ్‌ని తీసిపారేయడానికి లేదు. 1958 జనవరి ఆఖరున వెళ్లిన ఎక్స్‌ప్లోరర్ 1 లో జేమ్స్ వాన్ అలెన్ బృందం పెట్టింది అదే, భూమి చుట్టూ రేడియేషన్ పట్టీలున్నాయని తెలిసింది దానివల్లే. కానీ ఎలా తెలిసిందో చూడు. తక్కువ ఎత్తులో కౌంట్ అనుకున్నట్టే వచ్చింది, బాగా పైకి వెళ్లేసరికి సున్నా అయిపోయింది. అక్కడ కణాలు లేక కాదు, మరీ ఎక్కువై, ఒక పల్స్ నుంచి ట్యూబ్ తేరుకునే లోపే ఇంకోటి మీద పడి అసలు పల్సే రాలేదు. ఆ మార్చిలో వెళ్లిన ఎక్స్‌ప్లోరర్ 3 లో టేప్ రికార్డర్ ఉంది కాబట్టి కక్ష్య మొత్తం డేటా చేతికొచ్చింది. కౌంట్ జరజరా పెరిగి, సున్నాకి పడి, చాలాసేపు అలాగే ఉండి, మళ్లీ పైనుంచి కిందికి దిగిరావడం కనబడింది. అలాంటి ట్యూబ్‌నే కింద ల్యాబ్‌లో బలమైన ఎక్స్‌రేల ముందు పెడితే అదే తంతు. అందుకని నువ్వు ఏ డిటెక్టర్ పెట్టినా సరే, ‘ఇక్కడ ఏమీ లేదు’ అన్న సున్నాకీ ‘నాకు కనబడటం లేదు’ అన్న సున్నాకీ తేడా చెప్పే ఏర్పాటు అందులో ఉండి తీరాలి. నేను చెప్పేవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

గైగర్‌తో రెండో ఇబ్బంది: పల్స్ ఎత్తు ఎప్పుడూ ఒకటే. ఇంటి బెల్ ఎవరు నొక్కినా ఒకేలా మోగినట్టు, ప్రోటాన్ వచ్చినా ఎలక్ట్రాన్ వచ్చినా పెట్టె గోడలో పుట్టిన ఎక్స్‌రే వచ్చినా దానికి ఒకటే. అనామలీలో ప్రధానంగా ఉండేవి లోపలి పట్టీ ప్రోటాన్లు. ధ్రువాల వైపు వెళ్తే బయటి పట్టీ ఎలక్ట్రాన్లు తగులుతాయి. అన్నీ కలిపి ఒకే అంకెగా వస్తే మ్యాప్ చూడ్డానికి బాగానే ఉంటుంది, అందులోని ఎర్ర మచ్చ దేనివల్ల వచ్చిందో మాత్రం మీరే చెప్పలేరు.

సిలికాన్‌లో కణం ఎంత శక్తి వదిలితే అంత చార్జ్ పుడుతుంది, ఒక్కో ఎలక్ట్రాన్-హోల్ జంటకి సగటున 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు పలకలు ఒకదాని వెనక ఒకటి పెట్టావనుకో, ముందుది 300 మైక్రాన్లు, వెనకది 1 మిల్లీమీటర్. 10 ఎమ్‌ఈవీ (ఎమ్‌ఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) ప్రోటాన్ నిటారుగా వస్తే ముందు పలకలో సుమారు 2.7 ఎమ్‌ఈవీ వదిలి, మిగతా 7.3 వెనక పలకలో వదిలేసి అక్కడే ఆగిపోతుంది. అదే 1 ఎమ్‌ఈవీ ఎలక్ట్రాన్ అయితే ముందు పలకలో 0.1 ఎమ్‌ఈవీ చుట్టుపక్కల మాత్రమే వదులుతుంది, తర్వాత అడ్డదిడ్డంగా చెదిరి వెనక పలకలో కొంత ఇచ్చి ఒక్కోసారి పక్కకి జారిపోతుంది. ఈ రెండు అంకెల్నీ అడ్డం-నిలువు గ్రాఫ్ మీద పెట్టి చూడు, ప్రోటాన్లన్నీ ఒక వంపుగీత మీదకి చేరతాయి, హీలియం కేంద్రకాలు దానికి పైన ఇంకో గీత మీదకి, ఎలక్ట్రాన్లు కింది మూలకి. కణం వదిలే శక్తి దాని చార్జ్ వర్గంతో పాటు పెరుగుతుంది, వేగం వర్గంతో పాటు తగ్గుతుంది, అందుకే ఇలా విడిపోతాయి. డెల్టా ఈ - ఈ పద్ధతి అంటే ఇదే. రేడియేషన్ పట్టీలను కొలిచిన నాసా జంట ఉపగ్రహాలు వాన్ అలెన్ ప్రోబ్స్, వాటిలోని ఆర్‌ఈపీటీ అనే సాధనం కూడా సిలికాన్ పలకలు వరుసగా పేర్చిన టెలిస్కోపే.

మందాల లెక్క: 300 మైక్రాన్ల సిలికాన్ దాటాలంటే ప్రోటాన్‌కి దాదాపు 6 ఎమ్‌ఈవీ కావాలి. రెండు పలకలూ కలిపి 14 దాకా ఆపుతాయి. అంతకు మించినది వెనక నుంచి దూసుకుపోతుంది, అప్పుడు దాని శక్తిని తక్కువగా లెక్కగడతావు. అందుకే మూడో పలక పెట్టు, అందులో సిగ్నల్ వస్తే ‘దాటిపోయింది’ అని ఆ పల్స్‌ని వేరే ఖాతాలో వెయ్యి.

పెట్టె సంగతి. 2 మిల్లీమీటర్ల అల్యూమినియం 20 ఎమ్‌ఈవీ ప్రోటాన్ దాకా ఆపుతుంది. 100 ఎమ్‌ఈవీ ప్రోటాన్‌ని ఆపాలంటే 3.7 సెంటీమీటర్లు కావాలి, రెండు వైపులా అంత గోడ పెడితే నీ 5 సెంటీమీటర్ల ఎత్తు అసలు చాలదు. అనామలీలో వందల ఎమ్‌ఈవీ ప్రోటాన్లు కూడా తిరుగుతుంటాయి, వాటిని గోడ కట్టి ఆపలేం, అవి పక్కనుంచి వచ్చాయని గుర్తుపట్టాలి, అంతే. రెండు పలకల్లోనూ ఒకేసారి సిగ్నల్ వస్తేనే లెక్కలోకి తీసుకోవడం మొదటి జల్లెడ. చుట్టూ ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం తగిలితే మెరిసే ప్లాస్టిక్) పెట్టి, అది వెలిగితే ఆ పల్స్‌ని కొట్టేయడం రెండోది. పెట్టె గోడకి మాత్రం బయట అల్యూమినియం, లోపల టాంటలం గానీ టంగ్‌స్టన్ గానీ ఉండాలి, తిరగేసి పెట్టకు. ఎలక్ట్రాన్ నేరుగా బరువైన లోహానికి తగిలితే ఎక్స్‌రేలు ఎక్కువ పుట్టిస్తుంది. ముందు అల్యూమినియంలో నెమ్మదిస్తే అంత పుట్టవు, పుట్టినవాటిని లోపలి లోహం మింగేస్తుంది.

కక్ష్య_చూసుకో:

అక్క చెప్పినదంతా సరే గానీ, బ్రదర్, రాకెట్ మిమ్మల్ని ఎక్కడ వదులుతుందో నువ్వు రాయలేదు. నీ రెండో కోరిక తీరేదీ లేనిదీ దాని మీదే ఉంది.

సూర్యుడి నుంచి వచ్చే పది, ఇరవై ఎమ్‌ఈవీ ప్రోటాన్లను భూమి అయస్కాంత క్షేత్రం భూమధ్యరేఖ దగ్గరికి రానివ్వదు. మన దేశం మీద నిటారుగా దిగాలంటే కణానికి 17 జీవీ (గిగావోల్టులు) దాకా రిజిడిటీ, అంటే అయస్కాంత క్షేత్రానికి వంగకుండా దూసుకొచ్చే బలం కావాలి, 10 ఎమ్‌ఈవీ ప్రోటాన్‌కి ఉండేది 0.14 జీవీ. ధ్రువాల దగ్గర మాత్రం తలుపులు తెరిచే ఉంటాయి. అంటే సుమారు 97 డిగ్రీల వాలుతో సన్-సింక్రనస్ కక్ష్యలో, అంటే ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలో ఉంటే ప్రతి చుట్టులోనూ రెండు ధ్రువాల మీద కొన్ని నిమిషాల పాటు సూర్యుడి ప్రోటాన్లు దొరుకుతాయి, ధ్రువాలకి కాస్త ఇవతల బయటి పట్టీ ఎలక్ట్రాన్లు, మధ్యలో ఎప్పుడైనా అనామలీ. ఆస్ట్రోశాట్ లాగా 6 డిగ్రీల వాలు కక్ష్య దొరికితే సౌర తుఫాను ఎంత పెద్దదైనా మీ డిటెక్టర్‌కి ఆ ప్రోటాన్లు కనబడవు, అనామలీ కూడా ఉత్తరపు అంచు తగులుతుంది, అంతే.

అనామలీ ఎందుకుందంటే, భూమి అయస్కాంత కేంద్రం భూకేంద్రం నుంచి సుమారు 500 కిలోమీటర్లు పక్కకి జరిగి ఉంది, అక్షం కూడా వాలి ఉంది. దాంతో లోపలి పట్టీ ఆ వైపు మన ఉపగ్రహాల ఎత్తుకి దిగివస్తుంది. అది పడమరకి మెల్లగా జరుగుతోంది కాబట్టి ఎవరు ఎప్పుడు మ్యాప్ గీసినా పాత మ్యాప్‌తో పోల్చుకోవడానికి పనికొస్తుంది, ఇప్పటికే ఎంతోమంది గీశారు కదా అని వదిలేయకండి.

25వ సౌరచక్రం గరిష్ఠ దశకి చేరిందని 2024 అక్టోబరులో ప్రకటించారు. మీరు వెళ్లేసరికి తగ్గుముఖంలో ఉంటుంది, దానికేం బెంగ అక్కర్లేదు. 2003 అక్టోబరు-నవంబరు తుఫానులూ, 2017 సెప్టెంబరు తుఫానూ తగ్గుముఖంలో వచ్చినవే.

అనంతపురం_కుర్రాడు:

అక్కా, చాలా థాంక్స్, రెండు పలకల లెక్క నాకు ఎవరూ ఇంత విడమరచి చెప్పలేదు. కక్ష్య ఇంకా ఖరారు కాలేదన్నా. 500 కిలోమీటర్ల సన్-సింక్రనస్ అని అంటున్నారు. ఆలస్యమైతే ఉపగ్రహంగా కాకుండా పేలోడ్‌ని ఒక్కదాన్నే పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ మీద, అదే పోయెమ్ మీద పంపే ఆలోచన కూడా ఉంది. అప్పుడు వాలు ఎంతుంటుందో ఆ ప్రయోగాన్ని బట్టే.

ఇంకో సందేహం. తుఫాను వచ్చినప్పుడు నా డిటెక్టర్ మీద ఎన్ని పడతాయో ముందే అంచనా వేయడం ఎలా?

మల్లేశ్వరం_అక్క:

చేతిలెక్కతో వచ్చేస్తుంది. ముందు పలక, వెనక పలక ఒక్కోటి చదరపు సెంటీమీటర్, మధ్య దూరం 3 సెంటీమీటర్లు అనుకో. వైశాల్యాలు రెండూ గుణించి దూరం వర్గంతో భాగిస్తే 0.11 వస్తుంది, యూనిట్ చదరపు సెంటీమీటర్ స్టెరేడియన్ (స్టెరేడియన్ అంటే ఘనకోణం కొలత). ఇది ఉజ్జాయింపు, అయినా మొదటి అంచనాకి చాలు. అమెరికా నోవా వాళ్ల స్కేలులో ఎస్1 తుఫాను అంటే 10 ఎమ్‌ఈవీ పైన ప్రోటాన్లు సెకనుకి, చదరపు సెంటీమీటరుకి, స్టెరేడియన్‌కి 10. అంటే నీకు సెకనుకి ఒకటి. ఎస్3 అంటే 1000, నీకు సెకనుకి 110. ఎస్5 అంటే లక్ష, నీకు 11,000. ఎలక్ట్రానిక్స్ పల్స్‌కి రెండు మూడు మైక్రోసెకన్లు తీసుకున్నా ఇది తట్టుకుంటుంది. పలకలు దగ్గరికి జరిపితే కౌంట్ పెరుగుతుంది, ఏటవాలుగా వచ్చేవి ఎక్కువై వంపుగీత అలుక్కుపోతుంది. దూరం జరిపితే గీత సన్నబడుతుంది, చిన్న తుఫానులో కౌంట్ చాలదు. నీకు 5 సెంటీమీటర్లే ఎత్తుంది కాబట్టి ఈ బేరం ముందే తేల్చుకో.

కణాలు పదార్థంలో ఎలా వెళ్తాయో లెక్కగట్టే జీయాంట్4 సాఫ్ట్‌వేర్‌లో మొత్తం పెట్టె గీసి సిమ్యులేషన్ నడుపు, ఉచితమే. కక్ష్యలో ఏ కణాలు ఎన్నుంటాయో ఐరోపా అంతరిక్ష సంస్థ స్పెన్విస్ సైట్ ఇస్తుంది.

కడప_రేడియో:

నేను ఒక్క విషయంలో మీ గైడ్ సార్ పక్షం. మీకిది మొదటి ఉపగ్రహం. మూడు సిలికాన్ పలకలు, సింటిలేటర్, పక్కనుంచి వచ్చినవాటిని కొట్టేసే యాంటీ కోఇన్సిడెన్స్ లాజిక్ అన్నీ పెట్టి ఆఖరికి నాయిజ్‌తో నిండిన డేటా వస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఒక చిన్న, గట్టి పేలోడ్ నాలుగేళ్లు పనిచేస్తే అది గొప్ప. రాడ్‌ఫెట్ ఒకటి పెట్టండి, గోరంత చిప్పు, రేడియేషన్ తగిలిన కొద్దీ దాని థ్రెషోల్డ్ వోల్టేజీ జరుగుతుంది, మొత్తం డోసు ఎంతో చెబుతుంది. పక్కన గైగర్. వాడండి, నేర్చుకోండి, రెండో ఉపగ్రహంలో టెలిస్కోప్ పెట్టండి.

గైగర్ కూడా మరీ తేలికేం కాదు, అది మాత్రం సార్‌కి చెప్పు. దానికి 400 వోల్టుల పైన కావాలి. భూమ్మీద ఏమీ కాదు, పూర్తి శూన్యంలోనూ ఏమీ కాదు, ఆ మధ్య పీడనం దగ్గరే మెరుపులు కొడుతుంది. పెట్టెలో గాలి పూర్తిగా బయటికి పోయేదాకా హై వోల్టేజీ ఆన్ చేయకూడదు, టంకాల మీద పాటింగ్, అంటే వాటిని కప్పే ఇన్సులేషన్ పూత సరిగ్గా ఉండాలి. సిలికాన్‌కి అంతకంటే తక్కువ వోల్టేజీ సరిపోతుంది కదా, ఆ లెక్కన అదే నయం అనేవాళ్లతో నేను వాదించను.

మల్లేశ్వరం_అక్క:

@కడప_రేడియో గారూ, రాడ్‌ఫెట్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, ఎలాగైనా ఒకటి ఉండాలి. కానీ మొదటి ఉపగ్రహం కాబట్టి టెలిస్కోప్ వద్దు అన్నదాన్ని ఒప్పుకోలేను. కొలరాడో విశ్వవిద్యాలయం విద్యార్థులు చేసిన సీఎస్‌ఎస్‌డబ్ల్యూఈ చూడండి, 2012 సెప్టెంబరులో వెళ్లింది, అదీ మూడు యూనిట్ల క్యూబ్‌శాటే, లోపల ఆర్‌ఈపీటైల్ అని సిలికాన్ పలకల టెలిస్కోప్. కాస్మిక్ కిరణాలు వాతావరణాన్ని గుద్దినప్పుడు న్యూట్రాన్లు పైకి ఎగురుతాయి, అవి దారిలో విచ్ఛిన్నమైతే ఎలక్ట్రాన్లు పుట్టి పట్టీలో చిక్కుకుంటాయి అని దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు, ఆ ఎలక్ట్రాన్లను లోపలి పట్టీ అంచున నేరుగా గుర్తించింది ఈ చిన్న ఉపగ్రహమే. 2017లో నేచర్‌లో వచ్చింది. ఎలక్ట్రాన్లనీ వాటి శక్తినీ విడిగా చెప్పగలిగారు కాబట్టే అది సాధ్యమైంది, ఉత్త కౌంట్‌తో అయ్యేది కాదు. తమ్ముడి సీనియర్ జర్నల్ అన్నాడు కదా, ఇదీ జవాబు.

పీణ్య_బోర్డులు:

పీణ్యలో బోర్డులు డిజైన్ చేస్తాను, సిలికాన్ డిటెక్టర్ల ప్రీయాంప్‌లు, అంటే వాటి చిన్న సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్లు మా చేతుల మీదుగా వెళ్తుంటాయి. ఎలక్ట్రానిక్స్ తమ్ముడివి కాబట్టి నీ భాషలో చెబుతా.

అక్క చెప్పిన 2.7 ఎమ్‌ఈవీ అంటే 7.5 లక్షల జంటలు, చార్జ్‌గా 0.12 పికోకూలంబ్. ఫీడ్‌బ్యాక్‌లో 1 పికోఫారడ్ కెపాసిటర్ పెడితే అవుట్‌పుట్ 120 మిల్లీవోల్టులు, హాయిగా కనబడుతుంది. ఎలక్ట్రాన్ వదిలే 0.1 ఎమ్‌ఈవీ అంటే 4.5 మిల్లీవోల్టులే. నీ బోర్డు మీద స్విచింగ్ రెగ్యులేటర్ గిరగిరా తిరుగుతుంటే ఆ 4.5 అందులో కొట్టుకుపోతుంది. డిటెక్టర్ నుంచి ప్రీయాంప్ దాకా దారి వీలైనంత పొట్టిగా ఉంచు, దానికి విడిగా ఒక లోహపు డబ్బా, లీనియర్ రెగ్యులేటర్‌తో విడి సప్లై. ఉపగ్రహాన్ని తిప్పే మాగ్నెటార్కర్లు ఆన్ అయినప్పుడల్లా కౌంట్ పెరగడం చాలామందికి కక్ష్యలోకి వెళ్లాకే తెలుస్తుంది, అప్పుడు చేసేదేమీ ఉండదు. అన్నీ కలిపి ఆన్ చేసి, డిటెక్టర్ మూసేసి, రాత్రంతా వదిలెయ్. పొద్దున్న చూసేసరికి కౌంట్ సున్నా పక్కనే ఉండాలి.

వేడి ఇంకో శత్రువు. సిలికాన్‌లో లీకేజీ కరెంట్ ప్రతి 7, 8 డిగ్రీలకీ రెట్టింపవుతుంది, లీకేజీ పెరిగితే నాయిజ్ పెరుగుతుంది, నాయిజ్ థ్రెషోల్డ్ (పల్స్‌గా లెక్కపెట్టే కనీస హద్దు) దాటితే బ్రెజిల్ లేకుండానే బ్రెజిల్ కనబడుతుంది. బ్యాటరీ పక్కన పెట్టనివ్వకు, ఈ విషయంలో స్ట్రక్చర్ వాళ్లతో గట్టిగానే పోట్లాడు. డిటెక్టర్‌కి అంటించి ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి తప్పనిసరి.

వెలుతురు సంగతి ఎవరూ చెప్పలేదు. సిలికాన్ డిటెక్టర్ అంటే ఫొటోడయోడే, ఎండ తగిలితే పని అయిపోయినట్టే. ముందు పల్చటి అల్యూమినియం రేకు గానీ అల్యూమినియం పూసిన క్యాప్టన్ ప్లాస్టిక్ పొర గానీ పెట్టాలి. అది మందం పెరిగితే తక్కువ శక్తి ప్రోటాన్లు రేకులోనే చస్తాయి, పల్చనైతే రాకెట్ ధ్వనికి చిరుగుతుంది. నీకు 6 ఎమ్‌ఈవీ పైనవి చాలు కాబట్టి కొంచెం మందంగానే వేసుకో, పలక వెనక గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంచు, ఆ రంధ్రం నుంచి వెలుతురు నేరుగా రాకుండా వంకర దారి ఇవ్వు. చీకటి గదిలో టార్చి పట్టుకుని పెట్టె నలుమూలలా తిప్పుతూ లీకేజీ చూడు, అదే పరీక్ష.

ముందు ఎస్‌పీ రోడ్డుకి వెళ్లి బీపీడబ్ల్యూ34 ఫొటోడయోడ్లు నాలుగు తెచ్చుకో. వాటితో ప్రీయాంప్, షేపర్ కట్టి చెయ్యి తిరిగాక ఖరీదైన డిటెక్టర్ ముట్టుకో. టంగ్‌స్టన్ ముక్కలు కోయడానికి పీణ్యలోనే షాపులున్నాయి, డ్రాయింగ్ సరిగ్గా ఉంటే చేసిస్తారు.

ఎక్స్‌రే_రామయ్య:

మా వైపు నుంచి ఒక మాట. ఎక్స్‌రే ఖగోళశాస్త్రంలో డేటా చూసేవాడిని, మాకు ఈ కణాల డిటెక్టర్లు సైన్స్ కంటే ముందు కాపలా.

1999 జులైలో చంద్రా ఎక్స్‌రే అబ్జర్వేటరీ వెళ్లింది. మొదటి వారాల్లో రేడియేషన్ పట్టీలు దాటుతుండగా తక్కువ శక్తి ప్రోటాన్లు, 100 - 300 కేఈవీ (వేల ఎలక్ట్రాన్ వోల్టులు) లాంటివి, అద్దాల మీద చెదిరి ఎక్స్‌రేలు వెళ్లే దారిలోనే వెళ్లి కెమెరాలోని సీసీడీ చిప్పుల మీద పడ్డాయి. ముందువైపు నుంచి వెలుగు తీసుకునే సీసీడీలు దెబ్బతిన్నాయి, అది పూర్తిగా నయమయ్యే దెబ్బ కాదు. తర్వాత పట్టీలు దాటే ప్రతిసారీ ఆ కెమెరాని అద్దాల ఎదుట నుంచి పక్కకి జరపడం మొదలుపెట్టారు. మన ఆస్ట్రోశాట్‌లో, 2015 సెప్టెంబరు 28న వెళ్లింది, అలాంటి కాపలాకే చార్జ్ పార్టికల్ మానిటర్ అని చిన్న సాధనం ఉంది, సీజియం అయొడైడ్ స్ఫటికం, దానికి అతికించిన ఫొటోడయోడ్. అనామలీ దగ్గరపడి కౌంట్ హద్దు దాటితే మిగతా సాధనాలు హై వోల్టేజీ తగ్గించుకుంటాయి.

ఇక మార్స్ ఒడిస్సీ మీద ‘మరీ’ (MARIE) అని ఒక సాధనం ఉండేది, అంగారకుడి దగ్గర మనుషులకి ఎంత రేడియేషన్ తగులుతుందో కొలవడమే దాని పని. 2003 అక్టోబరు 28 తుఫానులో అదే పోయింది. కాబట్టి మల్లేశ్వరం అక్క గారు చెప్పిన సున్నాల తేడాని నేనూ గట్టిగా చెబుతున్నాను. ప్రతి రికార్డులో కౌంట్ పక్కనే డిటెక్టర్ ఎంతసేపు నిజంగా వింటోందో ఆ లైవ్ టైమ్, ఉష్ణోగ్రత, లీకేజీ కరెంట్, బయస్ వోల్టేజీ, థ్రెషోల్డ్ అన్నీ పంపండి. డేటా వాడేవాళ్లు మొదట అడిగేది అదే. బ్యాండ్‌విడ్త్ లేదని వీటిని కోసేస్తే, రేపు వింతగా ఏదైనా కనబడినప్పుడు అది ఆకాశానిదా మీ బోర్డుదా తేల్చలేరు.

వాన్ అలెన్ ప్రోబ్స్‌కి ఆ నమ్మకం ఎలా దక్కిందో చూడండి. 2012 ఆగస్టు 30న వెళ్తే, ఆర్‌ఈపీటీని సెప్టెంబరు 1నే ఆన్ చేశారు. మామూలుగా అంత తొందరగా చేయరు, కానీ సాంపెక్స్ అనే పాత ఉపగ్రహం త్వరలో రాలిపోతుంది, రెండిటి కొలతలూ ఒకే సమయంలో పోల్చుకోవాలని తొందరపడ్డారు. ఆ రోజుల్లోనే రెండు పట్టీల మధ్య మూడోది ఏర్పడి సుమారు నాలుగు వారాలు నిలిచింది. ముందు సాధనం పాడైందేమో అనుకున్నారు, రెండు ఉపగ్రహాల్లోనూ అదే కనబడేసరికి నమ్మక తప్పలేదు. మీకు రెండో ఉపగ్రహం లేదు, కానీ అమెరికా వాతావరణ ఉపగ్రహాలు గోస్ ఇచ్చే ప్రోటాన్ డేటా అందరికీ అందుబాటులో ఉంది. ఆదిత్య ఎల్1 డేటా 2025 జనవరి నుంచి ప్రదాన్ పోర్టల్‌లో దొరుకుతోంది, మన పక్కనే బ్యాలాలులో ఉన్న ఇస్రో డేటా కేంద్రం ఐఎస్‌ఎస్‌డీసీ నడిపేది. అందులో ఆస్పెక్స్ అనే సాధనంలోని కణాల డిటెక్టర్ స్టెప్స్ చూడండి, ఎల్1 దగ్గర 15 లక్షల కిలోమీటర్ల దూరంలో భూమి క్షేత్రం అడ్డు లేకుండా కొలుస్తుంది. అక్కడ ఏ రోజు పెరిగిందో, మీ దగ్గర ధ్రువాల మీద ఆ రోజు పెరిగిందో లేదో సరిచూసుకోవచ్చు.

అనంతపురం_కుర్రాడు:

రామయ్య గారూ, ఈ హౌస్‌కీపింగ్ లిస్టు నేరుగా మా డేటా ఫార్మాట్‌లోకి వెళ్తోంది. ఈ థ్రెడ్ మొత్తం గైడ్ సార్‌కి చూపించాను, రాడ్‌ఫెట్ ప్లస్ మూడు పలకల సిలికాన్‌కి ఒప్పుకున్నారు, సింటిలేటర్ చోటు చూసి తేల్చుదామన్నారు. పరీక్ష సంగతి ఒక్కటే మిగిలింది. మా ఫిజిక్స్ ల్యాబ్‌లో చిన్న సోర్సులేవో ఉన్నాయట. ఒకడు పాత పొగ డిటెక్టర్ విప్పితే అమెరీషియం దొరుకుతుందంటున్నాడు.

మల్లేశ్వరం_అక్క:

పొగ డిటెక్టర్ విప్పొద్దు, ఎవరినీ విప్పనివ్వొద్దు. సీల్ తీసిన అమెరీషియం ఒంట్లోకి పోతే ఆటలు కాదు, అది చట్టప్రకారం కూడా తప్పు. సోర్సుల విషయంలో అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధనలున్నాయి, మీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో వాటికి బాధ్యులుంటారు, వాళ్ల ఎదుటే, వాళ్ల రిజిస్టర్‌లో రాసే వాడండి.

ల్యాబ్‌లో సీల్డ్ అమెరీషియం 241 ఆల్ఫా సోర్సు ఉంటే దాని ముఖ్యమైన గీత 5.49 ఎమ్‌ఈవీ. ఆల్ఫా గాలిలో నాలుగు సెంటీమీటర్లు వెళ్లేసరికి ఆగిపోతుంది కాబట్టి వాక్యూమ్ చాంబర్‌లో, ముందు రేకు తీసేసి చూడాలి. ఎలక్ట్రాన్లకి బిస్మత్ 207 మంచిది, 482, 976 కేఈవీ దగ్గర రెండు గీతలు ఇస్తుంది, అవి ఎంత సన్నగా వస్తే నీ ఎలక్ట్రానిక్స్ అంత బాగున్నట్టు. 300 మైక్రాన్ల పలకలో 976 పూర్తిగా ఆగదు, 1 మిల్లీమీటర్ పలకలో చూడు. సోర్సులు కుదరకపోతే ప్రీయాంప్ ఇన్‌పుట్‌కి చిన్న కెపాసిటర్ గుండా పల్సర్ (నకిలీ పల్సులు పుట్టించే సర్క్యూట్) ఇవ్వు, గెయిన్ తెలుస్తుంది. ఆ పల్సర్‌ని తీసేయకుండా ఫ్లైట్ బోర్డులోనే ఉంచి రోజుకోసారి కక్ష్యలో కూడా మోగించు. వెయ్యి పల్సులు పంపితే ఎన్ని లెక్కపెట్టిందో కిందికి పంపు, కణాల వరద మధ్య అది గుడ్డిదైందో లేదో అప్పుడు నేరుగా తెలుస్తుంది.

ప్రోటాన్ కిరణం ముందు పెట్టగలిగితే ఇంకా మంచిది. ముంబయిలో బీఏఆర్‌సీ-టీఐఎఫ్‌ఆర్ పెలెట్రాన్ యాక్సిలరేటర్, ఢిల్లీలో ఐయూఏసీ యాక్సిలరేటర్ కేంద్రం ఉన్నాయి. ఐయూఏసీ విశ్వవిద్యాలయాల కోసమే ఉన్నది. బీమ్ టైమ్‌కి ప్రపోజల్ రాయాలి, అడగ్గానే దొరకదు, అందుకని డిజైన్ అయ్యేదాకా ఆగకుండా గైడ్ సార్ పేరు మీద ఇప్పుడే మొదలుపెట్టండి. ప్రపోజల్‌లో మీ జీయాంట్4 వంపుగీత పెట్టండి, ఏ శక్తుల దగ్గర ఏ చుక్కలు సరిచూడాలనుకుంటున్నారో దాని మీదే గుర్తులు పెట్టి చూపించండి.

పీణ్య_బోర్డులు:

పల్సర్‌కి నేను ఓటేస్తున్నా. ఇంకొకటి, ప్రతి పల్స్‌నీ కిందికి పంపలేవు గానీ, వందలో ఒకదాని అసలు ఎత్తులు మూడు పలకలవీ కలిపి అలాగే పంపు. ఏ పల్స్‌ని ఏ కణం ఖాతాలో వేయాలో ఉపగ్రహం మీదే తేల్చేస్తే తర్వాత గీతలు జరపడానికి నీ దగ్గర ఏమీ మిగలదు. స్కీమాటిక్ అయ్యాక ఇక్కడ పెట్టు, గ్రౌండ్ ఎలా వేశావో చూస్తాను.